సమ్మతి పత్రం

పొద్దున ఫోర్తలేజా సర్కారు ఆస్పత్రి, కాలిన గాయాల వార్డు.
మధ్యాహ్నం సముద్రం ఒడ్డున చల్లటి అద్దాల క్లినిక్కు.
డాక్టరు ఒక్కడే. కత్తులూ ఒక కంపెనీవే.
నేనూ ఒక్కదాన్నే, ఎడివానియాని,
చదవడం రానివాళ్ళకీ, చదివే ఓపిక లేనివాళ్ళకీ
పత్రాలు చదివి వినిపించేదాన్ని.

మధ్యాహ్నపు మాటలు సెంటు పూసుకుని ఉంటాయి.
బ్లెఫరోప్లాస్టీ అంటాను.
అంటే రెప్ప మీద ఏళ్ళ తరబడి వేలాడే సంచిని కోసి తియ్యడం.
రైనోప్లాస్టీ అంటే ముక్కు దూలం పగలగొట్టి కుదురుగా పేర్చడం.
"పగలగొట్టడమా?" ఉలిక్కిపడుతుంది ఆవిడ.
కోపమంతా ముక్కు మీదే ఉంది పాపం,
మూడేళ్ళు జీతంలోంచి దాచి మరీ తెచ్చింది.
అబ్డామినోప్లాస్టీలో బొడ్డు కొత్త ఇంటికి మారుతుంది.
బొటాక్స్, నుదుటికి నాలుగు నెలల మౌనవ్రతం.
లైపోసక్షన్ గొట్టంలోంచి వచ్చేది
పేరిన నెయ్యిలా ఉంటుందని మాత్రం చెప్పను.
పత్రంలో లేదు.
ఊదారంగు పెన్నుతో ఒంటి మీద గీతలు గీస్తాడు డాక్టరు,
దర్జీ సుద్దముక్కతో గుడ్డ మీద గీసినట్టే.
ఆ గీతల్లో నిలబడి వాళ్ళు అద్దంలోకి చూసుకోరు,
నా వైపు చూస్తారు.

పొద్దుటి మాటలు వేరు.
డిబ్రైడ్‌మెంట్.
చచ్చిన తోలును బతికిన దాని మీంచి ఒలవడం.
ఇక్కడ నా గొంతు తగ్గుతుంది, ఇన్నేళ్ళయినా.
గ్రాఫ్టూ ఫ్లాపూ ఒకటి కాదమ్మా, అంటాను.
ఫ్లాపు తన రక్తనాళాన్ని తోడు తెచ్చుకుంటుంది.
గ్రాఫ్టు ఒట్టి చేతులతో వస్తుంది,
ఒక మడిలో పీకి ఇంకో మడిలో నాటిన నారులా.
అయిదు రోజులు కదపకూడదు.
కింది నేల నుంచి నెత్తురు తాగడం అది నేర్చుకోవాలి.
నారు పోసినవాడు నీరు పోస్తాడంటారు.
పొయ్యని రోజులూ చూశాను,
అంచుల నుంచి నల్లబడుతూ వచ్చిన మడులు.

జూన్ చివర్లో వచ్చింది దొనా లిందాల్వా.
ముకురీపి చేపల బజారులో ముప్ఫై ఏళ్ళుగా పొలుసు తీసే మనిషి.
గ్యాసు అయిపోతే డబ్బాలో స్పిరిట్ పోసి వంట వెలిగించింది.
రెండు చేతులూ, మోచేతుల దాకా.
ఆరో పేరా చదివాను:
"శుద్ధి చేసిన తిలాపియా చేప చర్మముతో
గాయమును కప్పుటకు సమ్మతించుచున్నాను."
మళ్ళీ చదవమంది. చదివాను.
నవ్వింది, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారేలా.
"ఎన్ని లక్షల తోళ్ళు వలిచానో ఈ చేతుల్తో!
బాకీ వసూలుకొచ్చాయా?"
కాసేపాగి, చిన్నగా, "వాసనొస్తుందా?"
రాదన్నాను.
"అయితే మా పిల్లి నన్ను పోల్చుకోదు."

ముద్ర వెయ్యాలి. సంతకం రాదు.
బొటనవేలు ఉంది, దాని మీద తోలు లేదు.
నిబంధనల్లో వెతికాం,
కాలి వేలి సంగతి ఎక్కడా రాయలేదు.
డాక్టరు నేల మీద కూలబడి
ఆ ఊదా సిరానే ఆమె కాలి బొటనవేలికి పూసి
కాగితం కింద అట్ట పట్టుకున్నాడు.

పదకొండో రోజుకి చేప తోలు ఎండి, బెరడులా ఊడొచ్చింది.
కింద గులాబీరంగు, దాన్ని చూసి నర్సులు కేకలేశారు.
బొటనవేళ్ళు మాత్రం మొండికేశాయి.
తొడ మీంచి గ్రాఫ్టు తెచ్చి వేశారు.

నవంబరులో ఒక శనివారం బజారుకెళ్ళాను.
బ్యాంకు మిషను తనను గుర్తుపట్టడం లేదంది.
తొడ చర్మానికి గీతలుండవు మరి.
"మూడుసార్లు నొక్కాను. ఎవరు నువ్వంటుంది."
అంటూనే చేపను తోక దగ్గర ఒడిసిపట్టి
కత్తి వీపుతో ఎదురు గీస్తోంది,
మునుపటి కన్నా నిదానంగా.
పొలుసులు మా ఇద్దరి మీదా ఎగిరి పడ్డాయి.
తోలు దగ్గరకొచ్చేసరికి ఆగింది.
"వలవనా, ఉంచనా?"
వరసలో నా వెనకామె తొందరపెడుతోంది.
ఉంచమన్నాను.